బుల్లెట్‌కు బంగారు బోల్టులు

మచిలీపట్నం,
జూన్ 11.

సీమోను మావయ్య గారికి,

రాజకుమారి నమస్కారాలు. మీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ వెంకాయమ్మ అత్తయ్యే ఎత్తింది. నేనడిగింది ఆవిడ మీకు సైగలతో చెప్పి, మీరు చెప్పింది తనకు తోచినట్టు నాకు చెప్పేసరికి పద్నాలుగు బోల్టులు నలభై అయ్యాయి. చివరికి ఆవిడే విసుక్కుని, చదువుకున్నదానివి కాగితం మీద రాసి బస్సు పార్సెల్‌లో వెయ్యమ్మా, ఆయనకు చెవులు పోయాయి గానీ కళ్ళున్నాయి అంది. అందుకే ఈ ఉత్తరం.

నాన్న బుల్లెట్ మీ షెడ్డుకు వచ్చి పదిరోజులైంది. మీరు కోడూరులో షెడ్డు పెట్టుకున్న రోజుల నుంచీ దాన్ని మీరు తప్ప ఎవరూ విప్పకూడదని నాన్న పట్టు. మీరు గుడివాడ వెళ్ళిపోయినా అంతదూరం ట్రాలీలో ఎక్కించుకుని వచ్చాడు. పన్నెండేళ్ళుగా పాలకాయతిప్ప ఒడ్డున చేపలు ఎత్తుకుని అవనిగడ్డ, కూచిపూడి తిరిగిన బండి. ఐసుపెట్టెలోంచి కారిన ఉప్పునీళ్ళన్నీ తాగింది. మీరు విప్పుతుంటే తొమ్మిది బోల్టులు తలలు తెగి లోపలే ఉండిపోయాయని నాన్న చెప్పాడు.

ఆ బోల్టుల కోసమే రాస్తున్నాను. కొత్తవి నేను ఎంచి, పూత వేసి పంపిస్తాను. మీరు ఒప్పుకోవాలి.

డిప్లొమా అయ్యాక నాకు చిలకలపూడి వైపు ఒక కవరింగ్ నగల యూనిట్‌లో పని దొరికింది కదా. మెకానికల్ చదివినదాన్ని ఏడు నెలలుగా కమ్మలు జతలు చూసి అట్టలకు గుచ్చుతున్నాను. పూత వేసే తొట్ల దగ్గర మగవాళ్ళే ఉంటారు. నగలకు వేసే బంగారు పూత ఇంజను బోల్టులకు వేస్తే బుల్లెట్‌లున్న కుర్రాళ్ళు కొంటారని మా యజమాని పూర్ణచంద్రరావు గారితో అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక ఇంజనుకు చేసి చూపించమన్నారు. తెలిసిన మెకానిక్ బాగుందని కాగితం మీద రాసిస్తే నాకు వేరే బల్ల, తొట్టి ఇస్తానన్నారు.

మా ఇంట్లో బడిమెట్లు ఎక్కిన మొదటిదాన్ని నేను. జతలు చూడ్డానికి అంత చదువు అక్కర్లేదు మావయ్యా. ఆ బల్ల నాకు కావాలి.

నాన్నకు చెప్పడం మాత్రం తొందరపాటే అయింది. మా అమ్మాయి బండికి బంగారం చేయిస్తోందని ఒడ్డున అందరికీ చెప్పేశాడు.

ఏ బోల్టు ఎక్కడిదో, ఎంత పొడవో, ఎన్నో రాసి పంపండి.

మీ
రాజకుమారి


గుడివాడ,
జూన్ 17.

చిరంజీవి రాజకుమారికి,

ప్రభువు నామంలో మావయ్య దీవెనలు. నీ ఉత్తరాన్ని మీ అత్తయ్యకు పైకి చదివి వినిపించాను. పద్నాలుగు నలభై అయిన చోటుకు వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినా వినపడదు కాబట్టి నాకేమీ తేడా తెలియలేదు.

కొలతలు రాయడం నాకు చేతకాదు. నా చదువు బైబిలు చదువుకునేంత వరకే. అందుకని పాత బోల్టుల్ని తీగకు వరసగా గుచ్చి పంపుతున్నాను. తలలు తెగినవాటి మొండేలు కూడా ఉన్నాయి. ఎర్రదారం కట్టిన వైపు ఇంజను పైభాగం, అక్కణ్ణుంచి కిందికి. పైన ఉండే నాలుగు నట్లు మూతల్ని పట్టుకుంటాయి, వాటి మీద పెద్ద బరువు లేదు. నువ్వు అందం చూపించుకోవాలంటే అక్కడ చూపించుకో. కిందికి వచ్చేకొద్దీ పని ఎక్కువ. ఇంజనును ఛాసిస్‌కు పట్టి ఉంచేవాటి జోలికి రావద్దు. అవి నేనే కొంటాను, నల్లగానే ఉంటాయి.

ఇంకో మాట. నలభై రెండేళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఇంజను మీద అరచెయ్యి పెట్టి దాని రోగం చెప్తాను. బోల్టు ఎంత బిగించాలో నా మణికట్టుకు తెలుసు. అంకెలు చూపించే టార్క్ రెంచి నా షెడ్డులో లేదు, రాదు. నువ్వు పంపే బోల్టు ఎలాంటిదో నా చెయ్యి చెప్తుంది. బాగుంటే బాగుందంటాను. లేకపోతే తిరిగి బస్సెక్కిస్తాను. పెద్దిరాజు కూతురివని మొహమాటపడను.

మీ నాన్నకు చెప్పు, ఐసుపెట్టెను కడిగినంత శ్రద్ధగా ఇంజనును ఒక్కసారి తుడిచి ఉంటే ఇదంతా ఉండేది కాదని.

మావయ్య
సీమోను


మచిలీపట్నం,
జులై 4.

మావయ్య గారికి,

నమస్కారాలు. ఈ పార్సెల్‌ను జాగ్రత్తగా విప్పండి. ఒక్కో బోల్టునూ మా కమ్మల డబ్బాల్లో వాడే దూదిలో పెట్టాను.

మీరు పంపిన తీగను నా గదిలో మేకుకు తగిలించి మూడురోజులు చూశాను. పాతవాటికి స్క్రూడ్రైవర్ గీత ఉన్న తలలు. నేను వాటి బదులు అలెన్ బోల్టులు ఎంచుకున్నాను. తల గుండ్రంగా ఉండి, మధ్యలో ఆరుమూలల గుంట ఉంటుంది కదా. పూత పడ్డాక ఆ గుంట రాయి పొదగడానికి వదిలిన గూడులా కనిపిస్తుంది. మా పక్కన కూర్చునే స్వర్ణలత చూసి, ఇందులో ఎర్రరాయి పెడితే నేనే ముక్కుకు పెట్టుకుంటాను అంది.

అందం ఒక్కటే చూశానని అనుకోకండి. బందరు బజారులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే గట్టివి తీసుకున్నాను. తల మీద 12.9 అని అంకె ఉంటుంది, చూడండి. దాన్ని మించిన గట్టి బోల్టు మామూలు దుకాణంలో దొరకదు. ఉప్పుగాలిలో తిరిగే బండికి గట్టివే ఉండాలనుకున్నాను.

ముందు యాసిడ్‌లో ముంచి శుభ్రం చేసి, రాగి, నికెల్, ఆ పైన బంగారం వేశాను. శ్రావణమాసం ఆర్డర్లతో తొట్లూ పొయ్యిలూ ఏవీ ఖాళీ లేవు. అందరూ అన్నానికి వెళ్ళినప్పుడు తొట్టి దొరికించుకున్నాను. బోల్టుల మరచుట్ల మీద పూత పేరుకుపోకుండా మైనం పూశాను. నట్టు వేలితో తిప్పితే దిగుతోంది.

బిగించి చూసి, మీకు నచ్చితే పూర్ణచంద్రరావు గారి పేరున రెండు ముక్కలు రాయండి. నచ్చకపోతే నాకే రాయండి.

మీ
రాజకుమారి


గుడివాడ,
జులై 8.

చిరంజీవి రాజకుమారికి,

దీవెనలు. మధ్యాహ్నం బోల్టులన్నీ బిగించాను. ఒక్కటి కూడా అడ్డం తిరగలేదు, మరలో పట్టెయ్యలేదు. సాయంత్రం ఎండ షెడ్డులోకి పడే వేళకు ఇంజను మీద ఎండ ఎక్కడుందో బోల్టు ఎక్కడుందో తెలియలేదు. ఎదురుగా టీకొట్టు దగ్గరి వాళ్ళంతా గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. ఒకాయన తన స్కూటర్‌కు ఇలాంటివి పెడతావా అని అడిగాడట. మీ అత్తయ్య నాకు సైగ చేసింది. ముందు ఆ స్కూటర్ స్టార్ట్ అవ్వనివ్వమని చెప్పాను.

నాకు మొహమాటం లేదని ముందే చెప్పాను కదా. బాగున్నాయమ్మా. మీ యజమానికి కాగితం రాశాను, నీకూ తెలియాలని ఇక్కడ కూడా రాస్తున్నాను:

"పూర్ణచంద్రరావు గారికి. రాజకుమారి చేసిన బోల్టుల్ని నా చేతులతో బిగించాను. నలభై రెండేళ్ళుగా నేను బిగించిన బోల్టుల్లో ఇంత నీటుగా దిగినవి తక్కువ. వీటిని ఏ ఇంజనుకైనా నిర్భయంగా వాడవచ్చు. ఇట్లు, ఆర్. సీమోను, మెకానిక్, గుడివాడ."

మావయ్య

తొమ్మిదో తేదీ పొద్దున. కవరు అంటించబోతూ రాస్తున్నాను. అలాంటి బోల్టులే ఇంకో ఆరు అదనంగా పంపు. షెడ్డులో చిన్న వస్తువులు కనపడకుండా పోతుంటాయి.


మచిలీపట్నం,
జులై 24.

మావయ్య గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకు బల్ల ఇచ్చారు.

మీ కాగితాన్ని పూర్ణచంద్రరావు గారు రెండుసార్లు చదివారు. ఆఫీసు గదిలో క్యాలెండరు పక్కన అంటించారు. మర్నాడు బుల్లెట్ క్లబ్ హర్షను పిలిపించారు. అతను ఇక్కడి కుర్రాడే, అతని వెనక నలభైమంది ఉన్నారు. ఆ కాగితం చూపించి, గుడివాడ సీమోను గారి మాట అంటే మాటలా అన్నారు. హర్షకు మీరు తెలుసట. తన తండ్రి బండిని మీరే బాగుచేసేవారట. మారుమాట్లాడకుండా ఒక సెట్టు తన బండికి వేయించుకున్నాడు. వారం తిరిగేసరికి వచ్చి నలభై సెట్లు అడిగాడు. ఆగస్టు చివరి ఆదివారం అందరూ కలిసి పాలకాయతిప్పకు వస్తారట. మా ఒడ్డుకే మావయ్యా. నలభై ఇంజన్ల మీద నా బోల్టులు.

కిటికీ పక్క బల్ల నాది. నా తొట్టి చిన్నది, పప్పు వండే గుండిగంత ఉంటుంది. రోజుకు మూడు సెట్లు తీస్తున్నాను. తొట్ల దగ్గర పనిచేసే అయ్యప్ప గారు మొదట నన్ను చూసి ముఖం చిట్లించారు. ఇప్పుడు తన టీ గ్లాసు నా బల్ల మీద పెడుతున్నారు. అది మర్యాదో, బల్ల తనదని గుర్తుచేయడమో ఇంకా తేల్చుకోలేదు.

మీరడిగిన ఆరు బోల్టులు పెట్టాను. ఇంతకీ ఆరు బోల్టులు ఎలా పోయాయి? అత్తయ్య గానీ ముక్కుపుడక చేయించుకుందా?

బండి ఎప్పటికవుతుందని నాన్న రోజూ అడుగుతున్నాడు. అద్దెబండి మీద చేపలు వేసుకెళ్తుంటే ఆ చేపలు కూడా నవ్వుతున్నాయట.

మీ
రాజకుమారి


గుడివాడ,
ఆగస్టు 2.

అమ్మా రాజకుమారీ,

ఈ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించలేదు.

నీ బోల్టులు ఏవీ పోలేదు. జులై తొమ్మిదిన పొద్దున షెడ్డు తెరిస్తే ఇంజను కింద నేల మీద రెండు తలలు పడి ఉన్నాయి. బంగారు రంగువి. బండి ఇంకా స్టార్ట్ కూడా చెయ్యలేదు. బిగించి వదిలేసిన బోల్టు, ఎవరూ ముట్టుకోకుండా తల తెగి పడింది.

నేనేమనుకున్నానో చెప్తాను. నా చెయ్యి పోయిందనుకున్నాను. అవసరానికి మించి బిగించేసి ఉంటాను, ఆ సంగతి నా మణికట్టుకు తెలియలేదు అనుకున్నాను. చెవులు పోయినప్పుడు కూడా ఇలాగే, ముందు నాకు తెలియలేదు. అందరూ గొణుగుతున్నారని ఏడాదిపాటు అందరినీ తిట్టాను. ఇప్పుడు చేతులు కూడా పోతే నాకు మిగిలేదేమిటి? అందుకే కవరులో కాగితం అలాగే ఉంచి, ఆరు బోల్టులు పోయాయని రాశాను.

నువ్వు పంపిన ఆరూ వేశాను. ఈసారి పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు బిగించాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే నాలుగు తలలు కింద ఉన్నాయి.

అప్పుడు శ్యాంబాబు దగ్గరికి వెళ్ళాను. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు షోరూములో చేస్తున్నాడు. టార్క్ రెంచి అడిగాను. వాడు ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండేది. అంకె చూసి, పుస్తకంలో చెప్పినంతే, వాడి ఎదురుగా బిగించాను. మర్నాటికి మరో రెండు తలలు తెగాయి. అంటే లోపం నా చేతిలో లేదు, బోల్టులో ఉంది. సంతోషించాలి కదా. నీ ఉత్తరం మళ్ళీ తీసి, నలభై సెట్లన్న చోటు చదివి, ఈ కాగితం తీసుకున్నాను.

నేను దాచింది నీ మీద ప్రేమతో అనుకోవద్దు. నా చేతిని కాపాడుకోవడానికి దాచాను. మీ యజమానికి రాసిచ్చిన కాగితం రాసినప్పుడు నిజమే. కవరు అంటించేటప్పటికి అబద్ధమైంది.

ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఇంకోటి రాసి ఇందులో పెట్టాను. అది ఇస్తే నీ బల్ల ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఇవ్వమనే చెప్తున్నాను.

తెగిన తలలు ఎనిమిదీ పొట్లం కట్టాను. ఎందుకు తెగాయో నాకు తెలియదు. నువ్వు చదువుకున్నదానివి.

సీమోను


మచిలీపట్నం,
ఆగస్టు 10.

మావయ్య గారికి,

మీ ఉత్తరం బస్టాండు పార్సెల్ ఆఫీసు మెట్ల మీదే చదివాను. అక్కణ్ణుంచి తిన్నగా హర్ష వాళ్ళింటికి వెళ్ళాను. బండి వాకిట్లోనే ఉంది. వంగి చూస్తే మూడు తలలు లేవు. రోడ్డు గతుకులకు ఊడిపోయాయనుకున్నాడట, ఇంకో మూడు అడుగుదామనుకుంటున్నాడట. బండి తియ్యవద్దని చెప్పాను. ఎందుకో చెప్పాను. అతను తిట్టలేదు. మా అమ్మను ఎక్కించుకుని మొన్న అవనిగడ్డ వెళ్ళొచ్చాను అని మాత్రం అన్నాడు.

యూనిట్‌కు వచ్చి మీ రెండో కాగితం పూర్ణచంద్రరావు గారి ముందు పెట్టాను. అది ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే తప్పంతా మీదయ్యేది. అందుకని మీకింకా చెప్పనిది కూడా ఆయనకు చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

బోల్టులు ఎందుకు తెగాయో నాకు తెలుసు. రెండో సంవత్సరం పుస్తకంలో అర పేజీ ఉంది. యాసిడ్‌లోనూ పూత తొట్టిలోనూ హైడ్రోజన్ వాయువు ఇనుము లోపలికి దూరుతుంది. మెత్తటి ఇనుము దాన్ని తట్టుకుంటుంది. గట్టి ఇనుము పెళుసెక్కుతుంది. బిగించేటప్పుడు ఏమీ తెలియదు, గంటలకో రోజులకో దానంతటదే తెగుతుంది. పూత వేసిన వెంటనే పొయ్యిలో పెట్టి ఒక రోజంతా కాలిస్తే ఆ వాయువు చాలావరకు పోతుంది. నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. పొయ్యి శ్రావణమాసం నగలతో నిండి ఉంది. ఒక రోజంతా నా బోల్టుల కోసం అడిగితే, ఆడపిల్లకు తొట్టి ఇస్తే పొయ్యి కూడా అడుగుతోంది అంటారని అడగలేదు. ఇవి నగలలాంటివేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. మా దగ్గర అందరం ఇత్తడి మీద, రాగి మీద పూత వేసేవాళ్ళమే. వాటికి ఈ రోగం లేదు. అందుకే అయ్యప్ప గారు కూడా ఏమీ అనలేదు.

ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టివి ఏరి తెచ్చానని మీకు గర్వంగా రాశాను. గట్టివి కాబట్టే తెగాయి. మీ మణికట్టుకు ఏమీ కాలేదు మావయ్యా. ఆ పొట్లం చూస్తుంటే తలలు తెగినందుకు కాదు, ఆ నాలుగు వారాలు మీరు మీ చేతుల్ని చూసుకుంటూ గడిపినందుకు బాధగా ఉంది.

పూర్ణచంద్రరావు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. తర్వాత ఒక్కటే అడిగారు.

"సీమోను గారు ఇది రాయకపోతే నువ్వు చెప్పేదానివా?"

నాకు తెలియదని చెప్పాను. అది నిజం.

మర్నాడు నన్ను మళ్ళీ అట్టల దగ్గర కూర్చోమన్నారు. చేసిన సెట్లన్నీ పక్కన పెట్టించారు. స్వర్ణలత తన పక్కన చోటు తుడిచింది. ఏడవలేదు గానీ ఆ రోజు నాలుగు జతలు తప్పు గుచ్చాను.

మూడోరోజు ఆయనే వచ్చి, తెగని బోల్టు ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది, కానీ ఇంత గట్టిది కాకూడదు అన్నాను. ఇరవై ముక్కలు చెయ్యి, అంతకుమించి చెయ్యకు, ఆర్డరు మాట ఎత్తకు అన్నారు. అవే పంపుతున్నాను. పైమూతలకు ఇత్తడి గుండు నట్లు, బంగారు పూతవి. కిందికి స్టెయిన్‌లెస్ స్టీలు అలెన్ బోల్టులు, పూత లేకుండా మెరుగు పెట్టినవి. ఇవి తుప్పు పట్టవు, యాసిడ్ ముఖం చూడలేదు. నాకు నచ్చినట్టు కనిపించవు. చూడండి.

రాజకుమారి


గుడివాడ,
ఆగస్టు 26.

చిరంజీవి రాజకుమారికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి శ్యాంబాబు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నడిచి కాదు, ఈలవేసుకుంటూ. నా ఈల నాకు వినపడదు, ఎలా ఉందో వాడినడుగు.

మందపాటి ఇనప పలకకు రంధ్రాలు వేసి నీ ఇరవైనీ అందులో బిగించాను. పదింటిని నా చేత్తో, పదింటిని వాడి రెంచితో. తర్వాత నేను బిగించిన వాటిని ఆ రెంచితో కొలిపించాను. వాడు అంకె చదివి వేళ్ళతో చూపించాడు. పదింటిలో తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. ఒకటి కొంచెం వదులు. ఆ వదులుదాన్ని గురించి నేను వాడితో అరగంట పోట్లాడాను. అత్తయ్యకు అన్నీ చెప్పాను. నాలుగు వారాలు మీరు అన్నం సరిగ్గా తినకపోతే నా వంట నచ్చలేదనుకున్నాను అంది.

పన్నెండు రోజులు పలకను షెడ్డు గుమ్మంలో పెట్టి పొద్దున, సాయంత్రం చూశాను. ఒక్క తల కూడా తెగలేదు. తర్వాత వాటినే మీ నాన్న ఇంజనుకు వేసి పామర్రు దాకా పోయి వచ్చాను. అరచెయ్యి పెట్టి చూశాను. ఇంజను నిమ్మళంగా ఉంది.

మొన్న మీ నాన్న వచ్చాడు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, పైన బంగారం ఉంది, కింద లేదేమని అడిగాడు. బంగారం అయిపోయిందా, మా అమ్మాయిని ఎవరైనా ఏమన్నా అన్నారా అని కంగారుపడ్డాడు. నేను చెప్పలేదు. నన్ను అడగకు, నీ కూతుర్ని అడుగు అన్నాను. ఒకసారి నేను దాచినందుకు ఏమైందో చూశాం. ఇప్పుడు నీ బదులు నేను చెప్పడం కూడా అలాంటిదే.

ఇక కాగితం సంగతి. మీ యజమాని మళ్ళీ అడిగి ఉంటారు. ఈసారి నేను రాయను. కోపంతో కాదు. నా పేరు చూసి హర్ష మారుమాట్లాడకుండా బిగించుకున్నాడు. నా పేరు చూసి నువ్వు కూడా మళ్ళీ చూసుకోలేదు. ఏ బోల్టు ఎక్కడ వెయ్యాలి, ఏది తెగింది, ఎందుకు తెగింది, ఇప్పుడేం మార్చావు, అన్నీ నువ్వే రాయి. కింద నీ పేరు పెట్టు. నేను పన్నెండు రోజులు చూశానని అందులో రాసుకో, అది నిజం కాబట్టి.

మావయ్య
సీమోను


మచిలీపట్నం,
సెప్టెంబరు 21.

మావయ్య గారికి,

నమస్కారాలు. ఆలస్యానికి క్షమించండి. రాయడానికి ఏదైనా తేలాలి కదా అని ఆగాను.

మీ దగ్గర బండి తీసుకున్న నాన్న ఇంటికి పోకుండా మా యూనిట్ గేటు దగ్గరికి వచ్చాడు. హారన్ కొట్టి నన్ను పిలిపించాడు. గేటు దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను. హైడ్రోజన్ సంగతి చెప్తే తల ఊపాడు, అర్థమై కాదు. హర్ష తన తల్లిని ఎక్కించుకుని తిరిగాడన్నప్పుడు మాత్రం అర్థమైంది. బండి మీద కూర్చుని వింటున్నవాడు కిందికి దిగాడు. ఒడ్డున వాళ్ళకు నేనేం చెప్పనమ్మా అన్నాడు. నేనొచ్చి చెప్తాను అన్నాను.

ఆదివారం వెళ్ళాను. వలలు విప్పుకుంటున్న వాళ్ళంతా బండి చుట్టూ చేరారు. చేపలమ్మే వీరమ్మ పిన్ని ఉంది కదా, ముందే వంగి చూసి, "ఏవే, మీ నాన్న బంగారం బంగారం అని మూడు నెల్లు మా చెవులు హోరెత్తించాడు, నాలుగు గుండీలకేనా?" అంది. నాన్న వెంటనే కింద ఉన్నది వెండి అని చెప్పేశాడు. వెండి కాదు, స్టీలు అని నేను చెప్పాను. కింద కూడా బంగారమే వేశాను, నేను చేసిన తప్పుకి అవి తెగాయి, అందుకే తీసేశాం అని చెప్పాను.

వీరమ్మ పిన్ని ఇంకోసారి వంగి చూసింది. "ఇప్పుడివి తెగవుగా?"

తెగవని చెప్పాను.

"మరి ఏడుపు ముఖం ఎందుకు? రేపు అవనిగడ్డకు నన్ను కూడా ఎక్కించుకోమను మీ నాన్నను" అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు నాన్న కోడూరు దాకా బండి నన్ను నడపమన్నాడు.

క్లబ్‌వాళ్ళలో పదకొండుమంది కొత్తరకం కావాలన్నారు. మిగతావాళ్ళు వద్దన్నారు. హర్ష ఇంకా ఏదీ చెప్పలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. బల్ల పూర్తిగా తిరిగి రాలేదు. పొద్దున అట్టల దగ్గర, మధ్యాహ్నం నుంచి కిటికీ దగ్గర. పొయ్యి కావలసినప్పుడు అడుగుతున్నాను. మొదటిసారి అడిగితే అయ్యప్ప గారు, ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నారు.

పూర్ణచంద్రరావు గారు మీ కాగితం రాలేదేమని అడిగారు. మీరన్నది చెప్పి, నేను రాసింది ఇచ్చాను. ఆయన రెండు చోట్ల దిద్దబోయి ఆగారు. తప్పు జరిగిందని రాయడం అవసరమా అని అడిగారు. అది తీసేస్తే మిగతాది ఎవరు నమ్ముతారు అన్నాను. ఆలోచించి, అచ్చుకు పంపించారు. ప్రతి పెట్టెలోనూ ఒకటి ఉంటుంది. మీకు ఒకటి పంపుతున్నాను. చదివి, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

మీ
రాజకుమారి

*

ఈ పెట్టె కొన్నవారికి,

ఇందులో ఇత్తడి గుండు నట్లు నాలుగు, స్టీలు అలెన్ బోల్టులు పది ఉన్నాయి. బంగారు రంగు నట్లు ఇంజను పైమూతలకు మాత్రమే. స్టీలు బోల్టులు పక్కమూతలకు. ఇంజనును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, బ్రేకు బోల్టులు వీటితో మార్చకండి. వాటిని కంపెనీ ఇచ్చినవే ఉంచండి. అవి అందంగా ఉండనక్కర్లేదు.

ఇంతకుముందు మేము గట్టి ఇనుము బోల్టులకు బంగారు పూత వేశాము. పూత తర్వాత చెయ్యవలసిన పని ఒకటి నేను చెయ్యలేదు. అవి తెగాయి. ఆ రకం మీ దగ్గర ఉంటే, తల మీద 12.9 అని ఉంటుంది, బండి నడపకుండా ముందు వాటిని తీసేయండి. తెచ్చిస్తే మార్చి ఇస్తాము.

ఈ పెట్టెలోని రకాన్ని గుడివాడ మెకానిక్ ఆర్. సీమోను గారు బిగించి పన్నెండు రోజులు చూశారు. ఏదీ తెగలేదు. పన్నెండేళ్ళు చూసినవారు ఇంకా ఎవరూ లేరు. అందుకని నెలకొకసారి వంగి చూసుకోండి. ఒక్క తల తెగినా, వదులైనా, రంగు మారినా నాకు రాయండి. ఎవరు బిగించారని అడగను. ముందు బోల్టునే చూస్తాను.

ఎన్. రాజకుమారి,
డిప్లొమా, మెకానికల్.
కిటికీ పక్క బల్ల, చిలకలపూడి, మచిలీపట్నం.